తిరస్కరించిన మాంసం ఎక్కడికి పోతుంది?

(వెటర్నరీ విద్యార్థులు, ఆక్వా రైతులు, వినియోగదారుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్ళకి కూడా వినిపిస్తోందనుకుంటాను. ముందు వరుసల్లో వెటర్నరీ విద్యార్థులు కనిపిస్తున్నారు. రొయ్యల చెరువులు చేసే రైతు సోదరులు కూడా వచ్చారు. చాలా సంతోషం, ఎందుకంటే నేను ఎక్కడ మొదలుపెట్టినా ఈ విషయం చివరికి వాళ్ళ దగ్గరికే వస్తుంది.

2008లో అమెరికా నుంచి మెక్సికోకి వెళ్ళిన ఒక విడత గొడ్డు మాంసాన్ని అక్కడి అధికారులు వద్దన్నారు. పరీక్ష చేస్తే అందులో రాగి, మెక్సికో పెట్టుకున్న పరిమితి కన్నా ఎక్కువ ఉంది. ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. అసలు సంగతి ఆ తర్వాతిది. మాంసంలో రాగి ఎంతవరకు ఉండొచ్చో అమెరికా నిబంధనల్లో ఎక్కడా రాసుకోలేదు. పరిమితే లేనప్పుడు అది దాటిందని ఎవరు అనగలరు? మెక్సికో వాళ్ళు వద్దన్న మాంసాన్ని సొంత దేశంలో అమ్మకుండా ఆపడానికి అమెరికా మాంసం తనిఖీ విభాగానికి ఆధారమే లేకపోయింది. ఈ మాట ఏ ఉద్యమకారుడో అన్నది కాదు. 2010 మార్చిలో అమెరికా వ్యవసాయ శాఖకే చెందిన, ఆ శాఖ పనిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం తన నివేదికలో రాసింది. రాగితో పాటు డయాక్సిన్ అనే విష రసాయనం లాంటి వాటికి కూడా పరిమితులు పెట్టుకోలేదని ఆ నివేదికే తప్పుపట్టింది.

అందుకే ఇవాళ మీ ముందు ఒక్క ప్రశ్న పెడుతున్నాను. పరీక్షలు ఎవరి కోసం చేస్తున్నాం? కొనేవాడు గట్టివాడైతే అతని కోసం చేస్తున్నామా, తినేవాడు ఎవరైనా సరే వాడి కోసం చేస్తున్నామా?

మాంసంలో విషం అనగానే చాలామందికి కుళ్ళిన మాంసం, ఈగలు, సూక్ష్మజీవులు గుర్తుకొస్తాయి. నేను మాట్లాడేది వాటి గురించి కాదు. వాసన రాదు, రంగు మారదు, ఎంత ఉడికించినా పోదు. అలాంటి వాటి గురించి. డయాక్సిన్లు, పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో వాడిన పీసీబీలు అనే రసాయనాలు, డీడీటీ లాంటి పాత పురుగుమందులు, కాడ్మియం లాంటి లోహాలు. వీటిలో మొదటి మూడింటికీ ఒక గుణం ఉంది. నీళ్ళలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. పశువు తిన్నది పశువు కొవ్వులో చేరుతుంది. ఆ పశువును తిన్న మనిషి కొవ్వులో చేరుతుంది. తల్లి పాలలోకి కూడా వస్తుంది. మనిషి ఒంట్లోకి చేరిన డయాక్సిన్ సగానికి తగ్గడానికి 7 నుంచి 11 ఏళ్ళు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మనుషులకు డయాక్సిన్ చేరే దారుల్లో 90 శాతానికి పైగా ఆహారమే. అందులోనూ మాంసం, పాలు, చేపలే ఎక్కువ. వీటిలో అన్నింటికన్నా ప్రమాదకరమైన టీసీడీడీ అనే డయాక్సిన్‌ని క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 1997లోనే మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో పెట్టింది.

ఇప్పుడు ఐర్లండ్ కథ చెబుతాను. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు నేర్చుకోవలసింది దాదాపు అంతా ఇందులో ఉంది.

ఐర్లండ్‌లో బేకరీల్లో మిగిలిపోయిన రొట్టె, పిండి, బిస్కట్లు పోగుచేసి, ఆరబెట్టి, పొడి చేసి పందుల దాణాలో కలిపేవారు. మంచి ఆలోచనే. తిండి వృథా పోకుండా వాడుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆరబెట్టే యంత్రంలో మంట నుంచి వచ్చే వేడి గాలి నేరుగా ఆ రొట్టె పొడికి తగులుతుంది. ఆ మంటకి వాడిన ఇంధన నూనెలో పీసీబీలున్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ కలిసి ఉంది. పొగతో పాటు డయాక్సిన్లు, పీసీబీలు రొట్టె పొడిలోకి, అక్కడి నుంచి పందుల ఒంట్లోకి చేరాయి. ఇదంతా ఎవరూ కావాలని చేసింది కాదు. ఎవరూ చూడనిది, అంతే.

2008 నవంబరు చివర్లో మామూలుగా జరిగే నమూనా పరీక్షల్లో పంది కొవ్వులో పీసీబీలు కనిపించాయి. మరింత లోతుగా పరీక్షిస్తే డయాక్సిన్ యూరప్ పరిమితికి 80 నుంచి 200 రెట్లు ఉందని తేలింది. డిసెంబరు 6న ప్రభుత్వం ఒక నిర్ణయం ప్రకటించింది. సెప్టెంబరు 1 తర్వాత తయారైన ఐరిష్ పంది మాంసం సరుకు అంతా, ఏ కంపెనీదైనా సరే, దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాలి. క్రిస్మస్ ముందు రోజులు. అక్కడ పండగంటే పంది మాంసం తప్పనిసరి. మనకి సంక్రాంతి వారంలో మార్కెట్లు మూసేసినట్టన్నమాట.

ఇక్కడ గమనించండి. ఆ దాణా వెళ్ళింది దేశంలో 10 పందుల ఫారాలకే. మొత్తం పందుల్లో వాటి వాటా 10 శాతం లోపే. అలాంటప్పుడు దేశం మొత్తం సరుకు ఎందుకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది? కబేళా దాకా ఏ పంది ఏ ఫారం నుంచి వచ్చిందో తెలుసు. కబేళా దాటి మాంసం ముక్కలై, సాసేజీలై, ఒకదానితో ఒకటి కలిసిపోయాక ఏ ముక్క ఏ పందిదో చెప్పే రికార్డు లేదు. అందుకని తప్పు చేయని రైతులు కూడా మునిగారు. అప్పటికే ఆ మాంసం 20కి పైగా దేశాలకు వెళ్ళిపోయింది. పరిశ్రమని నిలబెట్టడానికి ప్రభుత్వం 18 కోట్ల యూరోలు కేటాయించింది. ఒక యంత్రంలో పోసే నూనెని సమయానికి పరీక్ష చేయించి ఉంటే ఆ ఖర్చు ఎంతయ్యేది? మీరే ఊహించుకోండి.

మరి తిన్నవాళ్ళ సంగతి? జనానికి కావలసింది ఈ జవాబే, అధికారులు అందరికన్నా తడబడేదీ ఇక్కడే. కాబట్టి లెక్క వేసి చూద్దాం. డయాక్సిన్‌ని పికోగ్రాముల్లో కొలుస్తారు. ఒక గ్రాముని లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోగ్రాము. అప్పట్లో యూరప్ శాస్త్రవేత్తలు పెట్టిన హద్దు, మనిషి బరువులో కిలోకి వారానికి 14 పికోగ్రాములు. 60 కిలోల మనిషికి వారానికి 840. ఇప్పుడు ఆ ఐరిష్ మాంసం 100 గ్రాములు తీసుకోండి. అందులో 20 గ్రాములు కొవ్వు అనుకుందాం. కొవ్వులో గ్రాముకి 100 పికోగ్రాముల డయాక్సిన్ అనుకుందాం. ఒక్క పూట భోజనంలో 2,000 పికోగ్రాములు. రెండు వారాల కోటా దాటిపోయింది.

భయంగా ఉందా? కాస్త ఆగండి. ఆ హద్దు జీవితాంతం, వారం తర్వాత వారం తినేవాళ్ళ కోసం పెట్టింది. ఒక పూట దాటితే జబ్బు చేస్తుందని దాని అర్థం కాదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ డిసెంబరు 10న ఇచ్చిన ప్రకటనలో, మామూలుగా తిన్నవాళ్ళ ఒంట్లో పేరుకున్న నిల్వ మీద దీని ప్రభావం చాలా తక్కువని చెప్పింది. 90 రోజుల పాటు రోజూ బాగా కొవ్వున్న మాంసం, అదీ పూర్తిగా కలుషితమైనదే తిన్నవాళ్ళకి మాత్రం రక్షణ కోసం ఉంచుకున్న మార్జిన్ తరిగిపోతుందని, అయినా జబ్బు వచ్చి తీరుతుందని చెప్పలేమని అంది. ఆ లెక్క ఆనాటికి సరైందేనని నా అభిప్రాయం. జనాన్ని భయపెట్టలేదు, దాచిపెట్టనూ లేదు.

అయితే 10 ఏళ్ళ తర్వాత, 2018లో, ఆ సంస్థే తన హద్దుని కిలోకి వారానికి 14 నుంచి 2 పికోగ్రాములకి తగ్గించింది. ఏడు రెట్లు తగ్గింపు. కారణం ఏమిటంటే, రష్యాలో చాపాయెవ్స్క్ అనే పారిశ్రామిక పట్టణంలో మగపిల్లల రక్తంలో చిన్నప్పుడు డయాక్సిన్ ఎంత ఉందో కొలిచి పెట్టుకున్నారు. వాళ్ళు ఎదిగాక చూస్తే, చిన్నప్పుడు ఎక్కువ ఉన్నవాళ్ళలో వీర్యకణాల సంఖ్య తక్కువగా ఉంది. పాత భోజనాన్నే కొత్త హద్దుతో లెక్క వేయండి. 60 కిలోల మనిషికి వారానికి 120. ఆ 2,000 పికోగ్రాములు 16 వారాలకి పైగా కోటా. కొత్త హద్దు ప్రకారం చూస్తే యూరప్‌లో అన్ని వయసుల వాళ్ళూ ఏ ప్రమాదమూ జరగకుండానే, రోజూ తినే తిండితోనే హద్దు దాటుతున్నారు. అంటే మనం ప్రమాదాల గురించి మాత్రమే మాట్లాడుకుంటే సరిపోదు. రోజూ కొంచెం కొంచెంగా చేరేదే ఎక్కువ.

బెల్జియం సంగతి క్లుప్తంగా చెబుతాను, కానీ ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 1999 జనవరిలో, దాణాలో కలపడానికి పోగుచేసిన పాత కొవ్వుల ట్యాంకులోకి ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ చేరింది. అందులో ఉన్న డయాక్సిన్ మొత్తం ఒక గ్రాము దగ్గర. ఆ ఒక్క గ్రాము 2,500కి పైగా ఫారాలకి చేరింది. ఫిబ్రవరికల్లా గుడ్లు సరిగా పొదగడం లేదని, కోడిపిల్లలకి ఒళ్ళు నీరు పడుతోందని కోళ్ళ రైతులు గమనించారు. విషయం జనానికి తెలిసింది ఎప్పుడు? మే నెల చివర్లో. ఆ నాలుగు నెలలూ కోళ్ళు, గుడ్లు, పంది మాంసం తిన్నారు, ఎగుమతి చేశారు. జూన్ 1న ఆరోగ్య మంత్రి, వ్యవసాయ మంత్రి ఇద్దరూ రాజీనామా చేశారు. జూన్ 13 ఎన్నికల్లో ప్రధాని డెహేన్ ప్రభుత్వం పోయింది. ఆ దెబ్బతోనే యూరప్‌లో మేతకీ ఆహారానికీ డయాక్సిన్ పరిమితులు వచ్చాయి, 2002లో ఉమ్మడి ఆహార భద్రతా సంస్థ ఏర్పడింది.

ముందు కోళ్ళు చెబుతాయి, వినేవాళ్ళు ఉండాలి. 1968లో జపాన్ పడమటి జిల్లాల్లో లక్షల కోళ్ళు చచ్చిపోయాయి. వాటి దాణాలో తవుడు నూనె తయారీలో మిగిలిన పదార్థం కలిపారు. ఆ నూనె తయారీలో పైపు నుంచి పీసీబీలు కారాయి. కోళ్ళ చావులని విచారించినవాళ్ళు దాణా దగ్గరే ఆగిపోయారు. అదే ఫ్యాక్టరీ నుంచి ఇళ్ళకి వెళ్తున్న వంట నూనె గురించి అడగలేదు. కొన్ని నెలల్లో మనుషులకి ఒంటి నిండా మొటిమలు, గోళ్ళు నల్లబడటం, నల్లటి చర్మంతో పుట్టిన పిల్లలు. యూషో అంటారు దాన్ని. బాధితులుగా గుర్తింపు పొందినవాళ్ళు 2 వేలకి పైనే. వెటర్నరీ పిల్లలూ, మీరు ఉద్యోగంలో చేరాక ఏదో ఒక రోజు కోళ్ళ షెడ్డు ముందు నిలబడి పోస్టుమార్టం చేస్తారు. ఆ రోజు దాణా బస్తా మీది పేరు రాసుకుని ఊరుకోకండి. ఆ దాణాలోకి వెళ్ళిన ప్రతి సరుకూ ఇంకెక్కడికి వెళ్తోందో అడగండి.

మొదట చెప్పిన మెక్సికో సంగతి తప్ప, ఇప్పటివరకు చెప్పినవి తయారుచేసిన దేశమే పట్టుకున్న కేసులు. కొనే దేశం పట్టుకున్నవి ఇంకా ఉన్నాయి. 2008లోనే చిలీ నుంచి వచ్చిన పంది మాంసంలో డయాక్సిన్ ఉందని దక్షిణ కొరియా కనిపెట్టింది. మూలం వెతికితే దాణాలో కలిపిన జింక్ ఆక్సైడ్ అని తేలింది. అది పందులకి పోషకంగా వేసేది. దాన్ని తీసిన పద్ధతిలో విషం ఉంది. 1987లో ఆస్ట్రేలియా గొడ్డు మాంసంలో డీడీటీ, డీల్డ్రిన్ లాంటి వాటి అవశేషాలు అమెరికా పరీక్షల్లో బయటపడ్డాయి. ఎప్పుడో పంటల మీద చల్లిన మందు మట్టిలో నిలిచిపోయి, తర్వాత అక్కడ మేసిన పశువుల్లోకి వచ్చింది. 1994లో అక్కడే మళ్ళీ ఇంకొకటి. కరవు. గడ్డి లేదు. రైతులు జిన్నింగ్ మిల్లుల్లో మిగిలిన పత్తి చెత్త తెచ్చి పశువులకి వేశారు. పత్తి మీద కొట్టిన క్లోర్‌ఫ్లూఅజురాన్ అనే పురుగుమందు కొవ్వులోకి చేరి ఎగుమతులు ఆగిపోయాయి. ఆ రైతులని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఎండిపోతున్న పశువుని చూస్తూ ఏదో ఒకటి పెట్టకుండా ఏ రైతూ ఉండలేడు. మన పత్తి జిల్లాల్లో కరవు ఏడాది వస్తే మన రైతూ అదే చేస్తాడు. పత్తి చెత్త పశువుకి వేయకూడదని ఆ రైతుకి ముందుగా చెప్పవలసింది మనం.

లోహాల గురించి ఒక్క మాట. న్యూజీలండ్‌లో పచ్చిక బయళ్ళకి ఏళ్ళ తరబడి సూపర్ ఫాస్ఫేట్ వేశారు. దాన్ని నౌరు ద్వీపం లాంటి చోట్ల నుంచి తెచ్చిన, కాడ్మియం ఎక్కువున్న రాతితో చేశారు. కాడ్మియం కొవ్వులో చేరదు, కార్జంలో, కిడ్నీల్లో చేరుతుంది. పశువు వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అందుకని 30 నెలలు దాటిన పశువుల కార్జం, కిడ్నీలు మనుషుల తిండిలోకి రాకుండా అక్కడ నిబంధన పెట్టుకున్నారు. చూశారా, మందు లేదు, యంత్రం లేదు, పశువు వయసు చూసి తీసుకునే నిర్ణయం. మన కబేళాల్లో ముసలి పొట్టేలు కార్జానికి, లేత పొట్టేలు కార్జానికి తేడా చూసి పక్కన పెట్టే ఏర్పాటు ఎక్కడుంది?

ఇక రొయ్యల దగ్గరికి వస్తాను. రొయ్య మాంసం కింద లెక్కకి రాకపోవచ్చు, కానీ ఎగుమతి పరీక్ష అంటే ఏమిటో మన తెలుగు నేల మీద వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. దేశం నుంచి వెళ్ళే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రదే. 2002 ప్రాంతంలో నైట్రోఫ్యూరాన్లు అనే నిషేధించిన యాంటీబయాటిక్ మందుల పేరుతో యూరప్ కంటైనర్లని ఆపడం మొదలుపెట్టింది. 2016లో మన ఆక్వా సరుకులో 10 శాతానికి బదులు 50 శాతాన్ని పరీక్షించాలని నిర్ణయించింది. భీమవరంలోనో నెల్లూరులోనో కంటైనర్ వెనక్కి వచ్చిందంటే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ భయంతోనే చాలామంది చెరువులో రొయ్యలు పట్టే ముందే నమూనా తీసుకెళ్ళి ల్యాబులో పరీక్ష చేయించుకోవడం నేర్చుకున్నారు. మందుల షాపువాడు ఏది ఇస్తే అది చెరువులో పోసే రోజులు తగ్గాయి. మంచి జరిగింది. కానీ సోదరులారా, నా బాధ ఒకటే. యూరప్‌వాడు తినే రొయ్యకి చేయించిన పరీక్ష, అదే చెరువు నుంచి స్థానిక మార్కెట్‌కి వెళ్ళే రొయ్యకి చేయిస్తున్నామా? ఎగుమతికి పనికిరాని లాట్ ఏమవుతోందో ఎవరైనా రాసిపెడుతున్నారా? మెక్సికో నుంచి వెనక్కి వచ్చిన గొడ్డు మాంసం కథ నాకు ఎందుకు అంత ముఖ్యమో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

ఇంకో సంగతి. ఐర్లండ్‌లో, బెల్జియంలో విషం వచ్చింది ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ నుంచి. మన పొలాల్లో రాగి తీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టే దొంగలు ఆయిల్‌ని గట్టు మీదే పారబోసిపోతారు. అన్ని ట్రాన్స్‌ఫార్మర్ ఆయిళ్ళలోనూ పీసీబీలు ఉండవు, ఈ మాట స్పష్టంగా చెబుతున్నాను. అనవసరంగా భయపడవద్దు. పాత పరికరాల్లోనే ఆ అనుమానం. అయితే ఏది పాతదో, దేనిలో ఏముందో పరీక్ష చేయకుండా ఎవరికీ తెలియదు. పీసీబీలు, డయాక్సిన్ల లాంటి విషాలని అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందాన్ని మన దేశం 2006లో ఆమోదించింది. పీసీబీల వాడకం 2025 డిసెంబరు 31 నాటికి పూర్తిగా ఆగిపోవాలని 2016లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పాత ఆయిల్ ఎవరు కొంటున్నారు, ఏ ఇటుక బట్టీలో, ఏ డ్రయ్యర్‌లో కాలుస్తున్నారు, ఆ డ్రయ్యర్‌లో ఆరేది ఏమిటి అనేది విద్యుత్ శాఖ, పశుసంవర్ధక శాఖ కలిసి కూర్చుని చూడవలసిన విషయం. ఇప్పుడు వాళ్ళు వేర్వేరు గదుల్లో ఉన్నారు.

ఇక్కడితో ఆపి ప్రశ్నలకి వస్తాను. చీటీలు చాలా వచ్చాయి, రెండింటికి జవాబు చెబుతాను.

మొదటిది, ఒక తల్లి రాశారు. కొడుకు దుబాయిలో ఉన్నాడు, అక్కడ బ్రెజిల్ నుంచి వచ్చిన ఫ్రోజెన్ చికెనే తింటాడు, ప్రమాదమా అని. అమ్మా, గల్ఫ్ దేశాల్లో చికెన్‌లో పెద్ద భాగం బ్రెజిల్‌దే, మన జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళు వేల మంది అదే తింటున్నారు. దూరం నుంచి వచ్చినంత మాత్రాన విషం కాదు, పక్క ఊరి నుంచి వచ్చినంత మాత్రాన శుభ్రమూ కాదు. బాబుకి ఒకటే చెప్పండి. తోలు, కొవ్వు తీసేసి వండుకోమనండి, డయాక్సిన్లు ఉంటే ఎక్కువగా ఉండేది అక్కడే. రోజూ అదొక్కటే తినకుండా పప్పు, కూరగాయలు, చేపలు మార్చి మార్చి తినమనండి.

రెండోది, గర్భిణికి రక్తం పట్టడానికి రోజూ కార్జం పెట్టవచ్చా అని. రోజూ వద్దు. 2011లో యూరప్ ఆహార భద్రతా సంస్థ గొర్రె కార్జాన్ని ప్రత్యేకంగా పరిశీలించింది, అందులో డయాక్సిన్లు మాంసంలో కన్నా చాలా ఎక్కువగా కనిపించాయి. కార్జంలో విటమిన్ ఏ కూడా చాలా ఎక్కువ, గర్భిణికి అది మితిమీరితే కడుపులో బిడ్డకి మంచిది కాదు. ఐరన్ కోసం డాక్టరు రాసిన మాత్రలున్నాయి, ఆకుకూరలున్నాయి. కార్జం తినాలనిపిస్తే ఎప్పుడో ఒకసారి, లేత మేకదో గొర్రెదో అడిగి తీసుకోండి. అడిగితే మటన్ షాపతను వయసు చెబుతాడు. అడగడం అలవాటు చేసుకోండి. నమస్కారం.